జిమ్ థోర్ప్ పతకాల నుంచి కోట్ల డాలర్ల దాకా: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ‘సమ ఉజ్జీ’ ఎవరి కోసం?



ఇంతకుముందు పోస్టుల్లో జోడేఘాట్ గురించి, రంప గురించి చదువుకున్నాం. ఈసారి దూరపు చరిత్ర రాస్తున్నాం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చరిత్ర. దీంతో మనకేం పని అని కొందరికి అనిపించొచ్చు. కొంచెం ఓపికగా చదవండి. ఈ కథ మొదట్లోనే మనలాంటి ఆదివాసీ హాస్టల్ పిల్లలు ఉన్నారు. కథ నడిమిట్ల ఒక ఆదివాసీ పిలగాని పతకాలు గుంజుకున్నారు. ఇప్పుడు అదే ఆటలో ఆటగాళ్లకు కోట్లు ఇస్తున్నారు. నిన్నటిదాకా తప్పు అన్నది ఇవాళ రూల్ ఎట్లా అయింది? మనలో స్పోర్ట్స్ కోటాలో సీటు తెచ్చుకున్నోళ్లు, కబడ్డీ, ఆర్చరీ, అథ్లెటిక్స్ ఆడేటోళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ ముచ్చట పనికొస్తుంది.

ముందు ఆట సంగతి

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం మైదానంలో కాలితో తన్నే ఆట కాదు. గుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు. మైదానంలో జట్టుకు 11 మంది. గుద్దుకోవడం ఆటలో భాగమే.

మన దగ్గర యూనివర్సిటీ మ్యాచ్ అంటే చూసేది ఆడేవాళ్ల దోస్తులు, పీడీ సార్. అక్కడ అట్ల కాదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల మంది కూర్చుంటారు. అది కాలేజీ స్టేడియం! టీవీ కంపెనీలు కాలేజీ మ్యాచ్‌లు చూపించడానికి వందల కోట్ల డాలర్లు కడతాయి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లలో అందరికన్నా ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, యూనివర్సిటీ కోచ్‌ది. ఇన్ని డబ్బులు తిరిగే ఆటలో వందేళ్లకు పైగా ఒక్కరికి మాత్రం డబ్బు ఇవ్వకూడదన్నారు. ఆ ఒక్కరు ఆడే పిలగాడు.

ఎందుకు ఇవ్వకూడదు అని అడిగితే రెండు జవాబులు చెప్పేవాళ్లు. ఒకటి, వీళ్లు చదువుకునే పిల్లలు, కూలికి ఆడేవాళ్లు కాదు. రెండు, డబ్బు ఇస్తే పెద్ద కాలేజీలు మంచి ఆటగాళ్లందరినీ కొనేస్తాయి, చిన్న కాలేజీలు నిలవలేవు, పోటీ సమ ఉజ్జీగా ఉండదు. వినడానికి రెండూ న్యాయంగానే ఉన్నాయి. చరిత్రలో ఇవి ఎట్లా వాడారో చూద్దాం.

‘అమెచ్యూర్’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది

డబ్బు కోసం కాకుండా ఇష్టం కోసం ఆడేవాడిని అమెచ్యూర్ అంటారు. ఈ రూల్ ఇంగ్లండ్ నుంచి వచ్చింది. అక్కడ 1879 లో హెన్లీ పడవ పందేల వాళ్లు ఒక నిబంధన పెట్టారు. డబ్బు తీసుకున్నవాళ్లతో పాటు మెకానిక్కులు, చేతిపని వాళ్లు, కూలీలు కూడా అమెచ్యూర్లు కారు, పోటీకి రాకూడదు అని. అంటే ఆటకు డబ్బు తీసుకోకపోయినా సరే, కష్టం చేసి బతికేవాడైతే చాలు, బయటకే. కూలీ చేతులకు బలం ఎక్కువ, దొరల పిల్లలతో సమానం కాదు అని వాళ్ల వాదన. చూడండి, ‘సమానం’ అనే మాట మొదటిసారి ఎవరిని ఆపడానికి వాడారో.

మనకు ఏకలవ్యుడి కథ తెలుసు. అర్జునుడికి సాటి ఎవరూ ఉండకూడదు కాబట్టి బొటనవేలు అడిగారు. దానికి గురుదక్షిణ అని మంచి పేరు పెట్టారు.

అమెరికా కాలేజీలు ఈ అమెచ్యూర్ మాటను తెచ్చుకున్నాయి గానీ, డబ్బు మొదటి నుంచీ ఉంది. 1852 లో హార్వర్డ్, యేల్ కాలేజీల మధ్య మొదటి పడవ పందెం జరిగింది. దాని ఖర్చు పెట్టుకున్నది ఒక రైల్వే కంపెనీ, టికెట్లు అమ్ముకోవచ్చని. మొదటి కాలేజీ ఫుట్‌బాల్ ఆట 1869 నవంబరు 6 న రట్గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య జరిగింది. రట్గర్స్ 6-4 తో గెలిచింది. తర్వాత ముప్పై ఏళ్లలో ఈ ఆట కాలేజీలకు పెద్ద ఆదాయం అయింది.

కార్లైల్ హాస్టల్ పిల్లలు

ఇప్పుడు మన ముచ్చట. 1879 లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే ఊళ్లో, పాత సైనిక బ్యారక్‌లలో ఒక రెసిడెన్షియల్ బడి పెట్టారు. అక్కడి ఆదివాసుల పిల్లల కోసం. పెట్టినాయన రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి. పిల్లలను వేల మైళ్ల దూరం నుంచి రైల్లో తెచ్చారు. రాగానే జుట్టు కత్తిరించారు. బట్టలు మార్చారు. పేర్లు మార్చారు. తల్లిభాష మాట్లాడితే శిక్ష. రోగాలతో చచ్చిపోయిన పిల్లల సమాధులు ఇప్పటికీ అక్కడ వరుసగా ఉన్నాయి. మనలో కూడా బడి రికార్డులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉన్నవాళ్లు ఉన్నారు. కాబట్టి పేరు మార్చడం అంటే ఏందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ బడి పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. వాళ్లు హార్వర్డ్, పెన్సిల్వేనియా లాంటి పెద్ద యూనివర్సిటీ జట్ల కంటే సైజులో చిన్నగా ఉండేవాళ్లు. బరువుతో గెలవలేరు కాబట్టి వేగం, ఉపాయం నమ్ముకున్నారు. 1903 లో హార్వర్డ్ మీద ఆడుతూ బంతిని ఒక ఆటగాడి జెర్సీ వెనక దాచి పరిగెత్తారు. ఆ ఆట 12-11 తో ఓడిపోయారు గానీ, ఆ ఎత్తు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. బంతిని ముందుకు విసరడానికి 1906 లో కొత్తగా అనుమతి ఇస్తే, దాన్ని అందరికంటే ముందు బాగా వాడుకున్న జట్లలో కార్లైల్ ఒకటి. 1907 లో పెన్సిల్వేనియా యూనివర్సిటీని 26-6 తో ఓడించారు. 1911 లో హార్వర్డ్‌ను 18-15 తో ఓడించారు. 1912 నవంబరు 9 న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టును 27-6 తో ఓడించారు. ఆ సైనిక జట్టులో ఆడినవాళ్లలో ఒకరు ఐసెన్‌హోవర్, తర్వాత అమెరికా అధ్యక్షుడు అయ్యాడు. ఊండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా జనాన్ని కాల్చి చంపింది 1890 చివర్లో. అప్పటికి ఇంకా 22 ఏళ్లే. ఆ సైన్యం అకాడమీ మీద ఆదివాసీ పిల్లల గెలుపు అంటే ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అంటే సమ ఉజ్జీ కాని చోట కూడా చిన్న జట్టు గెలిచింది. కానీ ఆ ఆటల టికెట్ల డబ్బు ఎటు పోయింది? కార్లైల్ జట్టు ఎక్కువగా వేరే ఊళ్లకు పోయి ఆడేది, ఎందుకంటే అక్కడే జనం, అక్కడే వసూళ్లు. 1914 లో అమెరికా కాంగ్రెస్ కమిటీ వచ్చి బడి మీద విచారణ చేసింది. ఆ విచారణ జరగాలని పిటిషన్ పెట్టడంలో ముందున్నవాళ్లలో ఒకడు ఫుట్‌బాల్ కెప్టెన్ గస్ వెల్చ్. ఆట డబ్బు లెక్కలు, కోచ్ పాప్ వార్నర్ తీరు, పిల్లలను కొట్టడం, అన్నీ బయటకు వచ్చాయి. వార్నర్ పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి పోయి అక్కడ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. బడి 1918 లో మూతపడింది. కోచ్ ఒక చోట నుంచి ఇంకో చోటికి హాయిగా మారాడు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

జిమ్ థోర్ప్

ఆ జట్టులోనే జిమ్ థోర్ప్ ఉన్నాడు. సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. తెగ భాషలో ఆయన పేరు వా-థో-హుక్, వెలుగు పడిన బాట అని అర్థం చెప్తారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు.

1913 జనవరిలో పేపర్లో వార్త వచ్చింది. థోర్ప్ 1909, 1910 ఎండాకాలాల్లో నార్త్ కరోలినాలో చిన్న బేస్‌బాల్ జట్టుకు ఆడి కొద్దిపాటి డబ్బు తీసుకున్నాడని. అప్పట్లో కాలేజీ పిలగాళ్లు చాలామంది సెలవుల్లో ఇట్లా ఆడి సంపాదించుకునేవాళ్లు. కాకపోతే వాళ్లు దొంగ పేరుతో ఆడేవాళ్లు. థోర్ప్ తన పేరుతోనే ఆడాడు. తాను లోకం పోకడ తెలియని ఇండియన్ బడిపిలగాడినని, అందరూ చేసేదే చేశానని లెటర్ రాసుకున్నా వినలేదు. ఫలితాల మీద అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో చెప్పాలని ఆ ఒలింపిక్స్ రూల్. ఇక్కడ నెలలు గడిచాక చెప్పారు. అయినా పతకాలు తీసేసుకున్నారు. రూల్ ఆయనకు శిక్ష వేసేటప్పుడు పనిచేసింది, కాపాడేటప్పుడు పనిచేయలేదు.

థోర్ప్ 1953 లో చనిపోయాడు. 1982 లో ఒలింపిక్ కమిటీ ఆయన్ను సహవిజేతగా ఒప్పుకుంది. ఒక్కడే విజేత అని రాసింది 2022 జులైలో. అంటే 110 ఏళ్లు పట్టింది. ఇంకో మాట. 1920 లో మొదలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ సంఘానికి, అదే ఇప్పటి ఎన్ఎఫ్ఎల్, మొదటి అధ్యక్షుడు ఈ జిమ్ థోర్పే.

రూల్ పుస్తకం ఎట్లా పెరిగింది

1905 సీజన్లో ఆటలో దెబ్బలు తగిలి పద్దెనిమిది మంది దాకా చనిపోయారని పత్రికలు లెక్క రాశాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కలగజేసుకున్నాడు. 1906 లో కాలేజీలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 1910 నుంచి దాని పేరు ఎన్‌సీఏఏ. ప్రాణాలు కాపాడటానికి పుట్టిన సంఘం మెల్లగా డబ్బు ఇవ్వకుండా కాపలా కాసే సంఘం అయింది.

అయినా డబ్బు ఆగలేదు. 1929 లో కార్నెగీ ఫౌండేషన్ వాళ్లు చేసిన పెద్ద పరిశీలనలో చాలా కాలేజీలు దొడ్డిదారిన ఆటగాళ్లకు డబ్బు, ఉత్తుత్తి ఉద్యోగాలు ఇస్తున్నాయని తేలింది. 1948 లో ‘శానిటీ కోడ్’ అని గట్టి నిబంధన తెచ్చారు. 1950 లో ఏడు కాలేజీలు మేం దీన్ని పాటించం అన్నాయి. వాటిని సంఘం నుంచి తీసేయాలని ఓటు పెడితే 111 మంది తీసేయమన్నారు, 93 మంది వద్దన్నారు. మూడింట రెండు వంతులు రాలేదు. మరుసటి ఏడాది కోడ్ పోయింది. 1956 లో పూర్తి స్కాలర్‌షిప్‌కు ఒప్పుకున్నారు: ఫీజు, గది, భోజనం, పుస్తకాలు. అంతే, దాని మీద జీతం వద్దు.

అప్పుడే ఇంకో సంఘటన జరిగింది. 1955 లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీకి ఆడుతూ రే డెన్నిసన్ అనే ఆటగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. భార్య నష్టపరిహారం అడిగింది, పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చినట్టు ఇవ్వమని. 1957 లో రాష్ట్ర సుప్రీం కోర్టు కుదరదు అంది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదు, అతను ఉద్యోగి కాదు అని. ఈ ఫోర్ట్ లూయిస్ కూడా ఒకప్పుడు సైనిక కోట, తర్వాత ఆదివాసీ పిల్లల బోర్డింగ్ బడి. 1911 లో దాన్ని రాష్ట్రానికి ఇచ్చేటప్పుడు ఆదివాసీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు తీసుకోకూడదని షరతు పెట్టారు. ఆ షరతు మీద ఇప్పటికీ చాలా తెగల పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు.

ఇట్లాంటి కేసుల భయంతోనే ‘విద్యార్థి-క్రీడాకారుడు’ అనే మాటను తయారు చేశామని ఎన్‌సీఏఏను 1951 నుంచి 1988 దాకా నడిపిన వాల్టర్ బయర్స్ తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఆ మాటలో చదువు మీద ప్రేమ కంటే పరిహారం మీద భయం ఎక్కువ.

సమ ఉజ్జీ వచ్చిందా మరి?

డబ్బు ఇవ్వకపోతే పోటీ సమానంగా ఉంటుందన్నారు కదా. లెక్క చూద్దాం.

1973 దాకా పెద్ద కాలేజీలు ఎంతమందికి కావాలంటే అంతమందికి స్కాలర్‌షిప్ ఇచ్చి కూర్చోబెట్టుకునేవి. తమకు అవసరం లేకపోయినా పక్క జట్టుకు పోకుండా. అప్పుడు 105 అని హద్దు పెట్టారు. తర్వాత 95, తర్వాత 85 చేశారు. ఇది నిజంగా కొంత పనిచేసింది, చిన్న జట్లకు కొందరు మంచి ఆటగాళ్లు దొరికారు. ఇది ఒప్పుకోవాలి. కానీ అదే 1973 లో నాలుగేళ్ల స్కాలర్‌షిప్ తీసేసి ఏడాదికోసారి రెన్యువల్ చేసే పద్ధతి పెట్టారు. అంటే కోచ్‌కు నచ్చకపోతే వచ్చే ఏడాది ఫీజు నువ్వే కట్టుకో అన్నట్టు.

1984 లో టీవీ హక్కుల కేసు సుప్రీం కోర్టుకు పోయింది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు వేశాయి. ఎవరి మ్యాచ్ ఎన్నిసార్లు టీవీలో రావాలో మేమే నిర్ణయిస్తాం, పోటీ సమానంగా ఉండటానికే అని ఎన్‌సీఏఏ అంది. కోర్టు 7-2 తో కాదంది. అప్పటి నుంచి టీవీ డబ్బు పెద్ద జట్ల చేతికి పోయింది. కాలేజీలకు బజారు తెరిచారు గానీ ఆటగాడికి మాత్రం మూసే ఉంచారు.

1987 లో టెక్సస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి ‘మరణ శిక్ష’ వేశారు. ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బు ఇచ్చారని ఏడాది మొత్తం ఆట రద్దు. మరుసటి ఏడాది ఆడే పరిస్థితి లేక వాళ్లే మానుకున్నారు. తర్వాత ఇరవై ఏళ్లలో ఓటముల కంటే గెలుపులు ఎక్కువ ఉన్న సీజన్ ఒక్కటే, 1997. ఆ తర్వాత చాలా పెద్ద కాలేజీలు దొరికాయి, ఫుట్‌బాల్‌లో ఏ పెద్ద జట్టుకూ మళ్లీ అంత శిక్ష పడలేదు.

ఇక ఈ మధ్య లెక్క. 2014 నుంచి 2023 దాకా పది సీజన్లు నాలుగు జట్ల ప్లేఆఫ్ జరిగింది. మొత్తం 40 చోట్లు. అందులో అలబామా 8, క్లెమ్సన్ 6, ఒహాయో స్టేట్ 5, ఓక్లహోమా 4. నాలుగు కాలేజీలకే 23 పోయాయి. వందకు పైగా ఉన్న పెద్ద డివిజన్ జట్లలో పదేళ్లలో అక్కడికి చేరినవి 15 మాత్రమే. ఈ పదేళ్లలో ఎక్కువ భాగం ఆటగాడికి డబ్బు ఇవ్వడం నేరం. డబ్బు జీతంగా పోకపోతే బిల్డింగుగా పోయింది, కోచ్ జీతంగా పోయింది. 2023 లో టెక్సస్ ఎ అండ్ ఎం తన కోచ్‌ను తీసేస్తూ, ఇక పని చేయొద్దని చెప్పి, ఒప్పందం ప్రకారం ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు సమ ఉజ్జీని చెడగొట్టదు గానీ, పిలగాడి చేతికి వంద డాలర్లు ఇస్తే చెడిపోతుందట.

గేటు తెరిచాక

2008 లో ఈ ఆటలో అతి పెద్ద బహుమతి హైస్మన్ ట్రోఫీ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు వచ్చింది. ఓక్లహోమా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్, చెరోకీ నేషన్ సభ్యుడు. అప్పుడు ఆయన తన పేరు మీద ఒక ప్రకటన చేసుకున్నా రూల్ ప్రకారం తప్పే.

ఆ రూల్ పదేళ్ల తర్వాత కూలడం మొదలైంది. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2021 జూన్ 21 న ఆల్‌స్టన్ కేసులో సుప్రీం కోర్టు 9-0 తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ, గుర్తింపు మీద డబ్బు తీసుకోవచ్చు అన్నారు. అభిమానులు చందాలు పోగుచేసి ఆటగాళ్లకు ఇచ్చే సంఘాలు పుట్టాయి.

అదే ఏడాది ట్రాన్స్‌ఫర్ రూల్ కూడా మారింది. అంతకుముందు ఆటగాడు కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. కోచ్‌కు ఆ శిక్ష లేదు. వార్నర్ కాలం నుంచీ కోచ్ ఎప్పుడైనా పోవచ్చు. 2021 లో ఒకసారి మారొచ్చన్నారు. 2023 డిసెంబరులో కోర్టు ఆదేశం, 2024 ఏప్రిల్లో కొత్త రూల్ వచ్చాయి. చదువులో మార్కులు సరిగా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చు.

2025 జూన్ 6 న హౌస్ కేసు రాజీకి జడ్జి ఒప్పుకుంది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు. ఇకముందు కాలేజీయే నేరుగా ఆటగాళ్లకు ఇవ్వొచ్చు. 2025-26 కు ఒక్కో కాలేజీకి హద్దు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అన్ని ఆటలకూ కలిపి.

ఇప్పుడు పోటీ ఏమైంది? రెండు వైపులా చెప్పాలి.

ఒక వైపు: వాండర్‌బిల్ట్ ఎప్పుడూ అడుగున ఉండే జట్టు. 2024 అక్టోబరు 5 న అప్పటి నంబర్ వన్ అలబామాను 40-35 తో ఓడించింది. 1984 తర్వాత అలబామా మీద అదే మొదటి గెలుపు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా ఒక జూనియర్ కాలేజీలో మొదలై, న్యూ మెక్సికో స్టేట్ మీదుగా ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవాడు. ఇండియానా యూనివర్సిటీ సంగతి ఇంకా విచిత్రం. చరిత్రలో అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్లలో అది ఒకటి. 2023 లో 3 గెలుపులు, 9 ఓటములు. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటి వచ్చి, ట్రాన్స్‌ఫర్ ఆటగాళ్లతో జట్టు కట్టాడు. 2024 లో 11 గెలిచింది. 2025 సీజన్లో ఒక్కటీ ఓడకుండా జాతీయ ఛాంపియన్ అయింది. పాత పద్ధతిలో ఇది కల. పెద్ద జట్ల బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఇప్పుడు లేచి, ఆడే చోటికి పోతున్నారు.

రెండో వైపు: సిగ్నెటి జేమ్స్ మాడిసన్ అనే చిన్న యూనివర్సిటీ నుంచి వచ్చాడు. వచ్చేటప్పుడు అక్కడి ఆటగాళ్లు పది మందికి పైగా వెంట వచ్చారు. ఆ కాలేజీ మళ్లీ కష్టపడి 2025 లో ప్లేఆఫ్ దాకా పోతే, దాని కొత్త కోచ్‌ను కూడా పెద్ద యూనివర్సిటీ పట్టుకుపోయింది. కామ్ వార్డ్ అనే ఆటగాడు ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న చోట మొదలై, వాషింగ్టన్ స్టేట్‌కు, అక్కడి నుంచి మయామీకి పోయి, 2025 లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటివాడు అయ్యాడు. ఆయనకు మంచిదే. కానీ చిన్న కాలేజీలు నారుమడి అయిపోయాయి. నారు వీళ్లు పోస్తారు, పంట వేరేవాళ్లు కోస్తారు. అదే వాషింగ్టన్ స్టేట్ ఉన్న పాక్-12 కూటమిలో 12 జట్లకు 10 జట్లు టీవీ డబ్బు కోసం వేరే కూటములకు పోయాయి. ఆ పని ఆటగాళ్లు చేయలేదు, యూనివర్సిటీల పెద్దలు చేశారు. ఇంకా పోర్టల్‌లో పేరు రాసుకున్న అందరికీ కొత్త చోటు దొరకదు. పాత స్కాలర్‌షిప్ పోయి, కొత్తది రాక, నడిమిట్ల చదువు ఆగినోళ్లు ఉన్నారు. వాళ్ల బొమ్మ టీవీలో రాదు.

ఇంకో తమాషా. 1987 లో మరణ శిక్ష పడిన ఎస్ఎమ్‌యూ, దాతల డబ్బు అండతో తొమ్మిదేళ్లు టీవీ వాటా వదులుకుని ఏసీసీ కూటమిలో చేరింది. 2024 లో ప్లేఆఫ్‌కు చేరింది. అప్పుడు శిక్ష పడ్డ పనే ఇప్పుడు తెలివి.

అసలు ముచ్చట

మా హాస్టల్లో దీని మీద బాగా వాదన అయింది. డబ్బు ఇస్తే సమానం పోతుంది అని కొందరు, అసలు సమానం ఎప్పుడుంది అని కొందరు. చివరికి మాకు ఇట్లా అర్థమైంది.

మన దగ్గర ఐపీఎల్ చూడండి. అన్ని టీమ్‌లకూ వేలంలో ఒకే పర్సు. ఎంత పెద్ద సేఠ్ అయినా అంతకు మించి పెట్టలేడు. అమెరికాలో ప్రొఫెషనల్ ఎన్ఎఫ్ఎల్ కూడా అంతే. జీతాలకు హద్దు ఉంది. వెనకబడ్డ జట్టు ముందుగా కొత్త ఆటగాడిని ఎంచుకుంటుంది. టీవీ డబ్బు 32 జట్లూ సమానంగా పంచుకుంటాయి. అక్కడ ఆటగాళ్లకు కోట్లలో జీతాలు ఇచ్చినా పోటీ కాలేజీ ఆట కన్నా సమంగా ఉంటుంది. అంటే సమ ఉజ్జీని చెడగొట్టేది ఆటగాడి జీతం కాదు. పంచుకోకపోవడం. కాలేజీ కూటముల్లో రెండు మాత్రం టీవీ డబ్బులో పెద్ద వాటా తీసుకుని, మిగతావాళ్ల ముందు ఆటగాళ్లను వేలు చూపిస్తున్నాయి.

ఇంకో తేడా ఉంది. ఎన్ఎఫ్ఎల్‌లో ఆ హద్దు ఆటగాళ్ల యూనియన్‌తో కూర్చుని ఒప్పందం చేసుకున్నది. కాలేజీలో ఇప్పటికీ ఆటగాడు ఉద్యోగి కాదు, యూనియన్ లేదు. 2014 లో నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు యూనియన్ కోసం అడిగితే 2015 లో కార్మిక బోర్డు మేం ఇందులో కలగజేసుకోం అంది. కాబట్టి హద్దు ఎంతో వేరేవాళ్లు నిర్ణయిస్తారు, ఆటగాడు సంతకం పెడతాడు. డబ్బు వచ్చింది గానీ కుర్చీ రాలేదు.

మనకు ఇక్కడ కోట్ల మాట లేదు. కానీ సంతకం మాట ఉంది. ఏ కాలేజీ అయినా, అకాడమీ అయినా ‘నీకు ఆటలో సీటు ఇస్తాం’ అంటే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సంగతులు అడగండి. సీటు ఎన్నేళ్లకు? గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది? గాయమై ఆడలేకపోతే హాస్టల్, చదువు ఉంటాయా? వేరే చోటికి పోవాలంటే టీసీ, సర్టిఫికెట్లు ఆపుతారా? నోటి మాట కాకుండా కాగితం మీద అడగండి. చదవడం రాకపోతే గ్రూపులో పెట్టండి, మనలో లా చదివే అన్నలు ఉన్నారు, చూసి చెప్తారు. ఇట్లా అడగడం అత్యాశ కాదు. గస్ వెల్చ్ తన బడిలో అడిగింది ఇదే: మా ఆట డబ్బు ఎటు పోతోంది?

‘రూల్ ఇంతే’ అని ఎవరైనా అంటే, ఆ రూల్ ఎప్పుడు పుట్టింది, ఎవరు రాశారు, దాన్ని రాసేటప్పుడు మనోళ్లు ఎవరైనా గదిలో ఉన్నారా అని చూడాలి. థోర్ప్ మీద పెట్టిన రూల్ 110 ఏళ్ల తర్వాత తప్పని తేలింది. అప్పటికి ఆయన పోయి దాదాపు డెబ్బై ఏళ్లు.

చదివినోళ్లు మీ అభిప్రాయం కింద రాయండి. మీ కాలేజీలో స్పోర్ట్స్ కోటా వాళ్లకు గాయమైతే ఏం చేస్తున్నారో కూడా రాయండి, ఎవరి పేరూ వద్దు, సంగతి చాలు. అన్నీ ఒక చోట చేరిస్తే వచ్చే ఏడాది చేరే పిల్లలకు పనికొస్తుంది.

జోహార్ వా-థో-హుక్. జోహార్ కార్లైల్ పిల్లలకు.